అక్కలూ, కాస్త చేతులు కట్టుకోండి

ఆడపిల్లల స్కౌటింగ్ ట్రూప్ అనగానే చాలామందికి యూనిఫాం, మెడలో స్కార్ఫ్, విజిల్, మార్చ్‌పాస్ట్ ఇవే గుర్తొస్తాయి. అవీ ఉంటాయి, కాదనను. కానీ ట్రూప్‌ని నడిపేవి అవి కాదు. నేను చిన్నప్పుడు గైడ్‌ని, అంటే ఆడపిల్ల స్కౌట్‌ని, ఇప్పుడు ఒక ట్రూప్‌లో అసిస్టెంట్ లీడర్‌గా సాయం చేస్తుంటాను, పిల్లలంతా అక్కా అనే పిలుస్తారు (వాళ్ళలో కొందరి అమ్మల కంటే నేనే పెద్దదాన్ని, అయినా అక్కే). ఈమధ్య కొత్తగా వచ్చిన లీడర్లు, పిల్లల అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు విన్నాక ఇది రాయాలనిపించింది. వచ్చే వారం ఏం నేర్పాలి, ఈ బ్యాడ్జీకి ఎన్ని క్లాసులు పెట్టాలి, ప్రతిజ్ఞ కార్యక్రమం ఎలా చేయించాలి... అన్నీ ఇదే వరస. నా జవాబూ ఒకటే. వీలైనంత వరకు మీరు వేలు పెట్టకండి.

ఇది బద్ధకంతో అంటున్న మాట కాదు. ఈ పద్ధతిని కనిపెట్టిందే అలా. ట్రూప్ అంటే ముప్ఫై మంది పిల్లల ఒక గుంపు కాదు, ఆరుగురో ఎనిమిది మందో ఉండే చిన్న చిన్న జట్లు. ఒక్కో జట్టుకి ఒక పువ్వు పేరో పక్షి పేరో ఉంటుంది, పిల్లల్లోనే ఒకరు జట్టు లీడర్, ఆమెకి తోడుగా ఒక సెకండ్. జట్టుకంటూ ఒక మూల ఉంటుంది, ఆ మూలలో వాళ్ళ జెండా, వాళ్ళ డబ్బా, వాళ్ళ తగువులు. రాజుగారి ఇంట్లో పిల్లలకైనా ఇదే రూలు. 1937లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఒక గైడ్ కంపెనీ (అక్కడ ట్రూప్‌ని అలా అంటారు) పెట్టినప్పుడు, తర్వాత రాణి అయిన ఎలిజబెత్‌ని కింగ్‌ఫిషర్ జట్టులో వేశారు. యువరాణి కదా అని విడిగా కూర్చోబెట్టలేదు.

అసలు ఈ ఉద్యమం మొదలైందే పిలవని పేరంటానికి వెళ్ళిన అమ్మాయిల వల్ల. 1909 సెప్టెంబరులో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ అబ్బాయిల పెద్ద ర్యాలీ జరిగింది, పదివేల మందికి పైగా వచ్చారు. వాళ్ళ మధ్య టోపీలు పెట్టుకుని, కర్రలు పట్టుకుని కొందరు అమ్మాయిలు కూడా నిలబడ్డారు. అప్పటికే చాలామంది అమ్మాయిలు పూర్తి పేరు రాస్తే తెలిసిపోతుందని ఇంటి పేరుకి ముందు పొడి అక్షరాలు మాత్రమే రాసి స్కౌట్లుగా నమోదు చేసుకుని ఉన్నారు! స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్‌కి ఏం చెయ్యాలో పాలుపోక, చెల్లెలు ఆగ్నెస్‌కి బాధ్యత అప్పగించాడు, 1910లో గర్ల్ గైడ్స్ పుట్టింది. రెండేళ్ళ తర్వాత, 1912 మార్చి 12న, అమెరికాలో సవానా అనే ఊళ్ళో జూలియెట్ గోర్డన్ లో 18 మంది అమ్మాయిలతో అక్కడి ట్రూపులు మొదలుపెట్టింది. ఈవిడ ఒక బోర్డు మీటింగులో కొత్త స్కౌట్ బూట్లు అందరికీ కనిపించాలని తలకిందులుగా నిలబడిందని చెబుతారు. మా మీటింగుల్లో అంత ఓపిక ఎవరికీ లేదు.

ఇంకో ముచ్చట నాకు చాలా ఇష్టం. గైడ్స్ కంటే చిన్న పిల్లల విభాగానికి 1914లో పెద్దవాళ్ళు ముద్దుగా రోజ్‌బడ్స్, అంటే గులాబీ మొగ్గలు, అని పేరు పెట్టారు. పిల్లలకి ఆ పేరు నచ్చలేదు. మరుసటి ఏడాదికల్లా బ్రౌనీస్ అని మార్చాల్సి వచ్చింది. పాత కథల్లో రాత్రిపూట వచ్చి ఇంటి పనులు చేసిపెట్టే చిట్టి మనుషులు బ్రౌనీలు. మొగ్గల్లా ముద్దుగా ఉండటం కంటే పనిమంతుల్లా ఉండటమే ఆ పిల్లలు కోరుకున్నారు, అదీ వందేళ్ళ కిందట. ఇప్పటికీ ఏడెనిమిదేళ్ళ పాపకి గులాబీ రంగు రిబ్బను ఇచ్చి చూడండి, ఒక చాకు వాడటం నేర్పి చూడండి, ముఖంలో తేడా మీకే తెలుస్తుంది.

ఆ చిన్నపిల్లల్ని చేర్చుకునేటప్పుడు చాలాచోట్ల ఒక తంతు ఉంటుంది. నేల మీద ఒక అద్దం పెట్టి, చుట్టూ ఆకులూ పువ్వులూ పేర్చి, అది చెరువు అంటారు. కొత్త పాపని గుండ్రంగా తిప్పి, ఇంట్లో సాయం చేసే బ్రౌనీ ఎవరో ఆ చెరువులో చూసి చెప్పమంటారు. వంగి చూస్తే కనిపించేది తన ముఖమే. పెద్ద పిల్లలకి ఇది వట్టి నాటకంలా అనిపించొచ్చు గానీ, ఆ వయసు వాళ్ళు నిజంగానే ఒక్క క్షణం ఆగిపోతారు. ఒక పాప అద్దంలో చూసి, వెనక్కి తిరిగి, ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని మా అందరి ముఖాలూ వెతికింది. వెంటనే ఒక లీడర్ "నువ్వేనమ్మా, నువ్వే" అని చెప్పబోతే, పక్కన జట్టు లీడర్ పిల్ల వేలు పెదాల మీద పెట్టి ఆపేసింది. ఆ తర్వాత పాపకి తనంతట తనకే వెలిగింది. ఆ పది సెకన్లూ ఓర్చుకోవడం ఎంత కష్టమో పెద్దవాళ్ళకే తెలుస్తుంది.

గైడ్స్ ప్రతిజ్ఞకి ఇంత హడావిడి ఉండదు. ట్రూప్ అంతా గుర్రపు నాడా ఆకారంలో నిలబడుతుంది, కొత్తమ్మాయి మూడు వేళ్ళు పైకెత్తి ప్రతిజ్ఞ చెబుతుంది, లీడర్ మూడు రేకుల బ్యాడ్జీ పెడుతుంది. మూడు వేళ్ళూ మూడు రేకులూ ప్రతిజ్ఞలోని మూడు మాటలకి గుర్తు. బొటనవేలు చిటికెన వేలి మీద పడుకుంటుంది చూడండి, బలమున్నవాళ్ళు చిన్నవాళ్ళని కాచుకోవాలని దానికి అర్థం చెబుతారు. తర్వాత ఎడమ చేత్తో షేక్‌హ్యాండ్. దీనికి చెప్పే కథల్లో ఆఫ్రికాలోని అశాంటి అనే తెగ యోధులది బాగా ప్రచారంలో ఉంది: యోధుడు డాలు పట్టేది ఎడమ చేతిలో, అది పక్కన పెట్టి చేయి ఇస్తే నిన్ను నమ్ముతున్నానని అర్థమట. ఎంతవరకు నిజమో గానీ పిల్లలకి చెప్పడానికి బాగుంటుంది. అయితే ఈ కథ లీడర్ చెప్పడం కంటే, గతేడాది చేరిన అమ్మాయి ఈ ఏడాది చేరిన అమ్మాయికి చెప్తే పది రెట్లు బాగా ఎక్కుతుంది. మధ్యలో ఆమె సొంతంగా రెండు ముక్కలు కలిపితే కలపనివ్వండి.

మీటింగు ముగింపుకి ఉండే సర్కిల్ గురించి చెప్పాలి. అందరూ గుండ్రంగా నిలబడి కుడి చేయి ఎడమ చేయి మీదుగా అడ్డంగా వేసి పక్కవాళ్ళ చేతులు పట్టుకుంటారు. ఒకరు మొదలుపెట్టి పక్కనున్న చేతిని మెల్లగా నొక్కుతారు, ఆ నొక్కు ఒకరి నుంచి ఒకరికి అలా చుట్టూ తిరిగి వస్తుంది. మా దగ్గర, అందినవాళ్ళు కుడికాలు ఒక అడుగు ముందుకి పెట్టాలి, ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ కనబడేలా. మనసులో ఏదైనా కోరుకోవాలని కూడా అంటారు. చెప్పడానికి ఇంతే. కానీ పది పదకొండేళ్ళ పిల్లలు ఇరవై ఐదు మంది, నవ్వకూడదు, మాట్లాడకూడదు అని నిలబడితే అది ఎంత టెన్షనో ఊహించుకోండి. ఎవరో ఒకరు కావాలనే ఆ నొక్కుని కాసేపు దాచిపెడతారు. అడుగు పడటం ఆగిపోతుంది. అందరి కళ్ళూ ఆ ఒక్కదాని మీదే. చివరికి తను పంపుతుంది, కానీ రెండు చేతులూ ఒకేసారి నొక్కుతుంది, దాంతో అది ఒకవైపు ముందుకీ ఒకవైపు వెనక్కీ పోయి, వెనక్కి వెళ్ళింది ఎవరిదగ్గరో తప్పిపోతుంది. కొత్త లీడర్లు ఇలాంటప్పుడు "మళ్ళీ మొదటినుంచి, సీరియస్‌గా" అంటారు. వద్దండీ. పిల్లలు దాంతో ఆడుకుంటున్నారంటే అది వాళ్ళదైపోయిందన్నమాట.

జట్టు పద్ధతి అసలు రుచి తెలిసేది కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో. పేరు భారీగా ఉంది గానీ, జట్టు లీడర్లు అందరూ కూర్చుని ట్రూప్ సంగతులు తేల్చుకునే సమావేశం ఇది. క్యాంపు ఎక్కడ, ఖర్చు ఎంత, ఎవరితో ఏం గొడవ. లోపల మాట్లాడింది బయటికి రాకూడదు, అందుకే ఈ సంగతి ఎవరిదో తెలియకుండా చెప్తున్నాను. క్యాంపులో పనుల చార్టు ఉంటుంది, వంట, నీళ్ళు, కట్టెలు, అంట్లు, రోజుకొకటి జట్ల మధ్య మారుతూ ఉంటాయి. ఒక అమ్మాయి ప్రతిసారీ అంట్ల దగ్గరికి వచ్చేసరికి మాయమవుతోంది. నేనైతే రెండు మాటలు అనేసి ఊరుకునేదాన్నేమో. కోర్టులో ఒక పదమూడేళ్ళ లీడర్ "ముందు తననే అడుగుదాం" అంది. అడిగితే తేలిందేంటంటే, జిడ్డు తేలుతున్న నీళ్ళలో చెయ్యి పెడితే ఆ పిల్లకి వాంతి వస్తుంది, చెప్పుకోవడానికి సిగ్గు. తీర్పు: మొదటి టబ్బు తనది కాదు, చివరి టబ్బు తనది. (క్యాంపులో మూడు టబ్బులు పెడతాం, ఒకటి సబ్బుతో వేడినీళ్ళు, రెండోది కడిగే నీళ్ళు, మూడోది క్రిములు చచ్చే మందు కలిపినవి. తర్వాత గిన్నెలన్నీ వల సంచుల్లో వేసి రెండు చెట్ల మధ్య కట్టిన తాడుకి వేలాడదీస్తే గాలికి ఆరతాయి.) బదులుగా రోజూ పొద్దున్నే నీళ్ళు కాచే పని కూడా తనే చెయ్యాలి. ఆ తీర్పు మీద ఎవరూ అప్పీలుకి రాలేదు.

నిప్పు సంగతికి వద్దాం, ఎందుకంటే పెద్దవాళ్ళ చెయ్యి ఎక్కువ దురద పెట్టేది ఇక్కడే. ఒక క్యాంపులో ముందురోజు రాత్రంతా వాన. పొద్దున ఒక జట్టు పొయ్యి వెలిగించాలి, మనిషికి ఒక్క అగ్గిపుల్లే అని వాళ్ళే పందెం పెట్టుకున్నారు. పైన చితుకులన్నీ తడి. మొదటి పిల్ల ఎండుటాకుల కింద పుల్ల పెట్టింది, పొగ వచ్చింది, ఆరిపోయింది. రెండో పిల్ల పుల్లలన్నీ దగ్గర దగ్గరగా కుక్కి పెట్టింది, సన్నగా మంట లేచి గాలాడక పోయింది. నా పక్కన నిలబడ్డ కొత్త లీడర్ జేబులోంచి కాగితం తీసింది, నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఒకమ్మాయి మణికట్టంత కట్టె తీసుకుని చాకుతో నిలువునా చీల్చింది. పైబెరడు నానింది గానీ లోపలి చెక్క పొడిగా, లేత రంగులో ఉంది. దాన్ని సన్నగా పెచ్చులు పెచ్చులుగా చెక్కింది, పెచ్చులు ఊడిపోకుండా కట్టెకే ముంగురుల్లా అంటుకుని ఉండేలా. అవి రెండు మూడు చేసి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, మధ్యలో గాలి పోవడానికి సందు వదిలింది. వేడి, పుల్ల, గాలి, మూడింట్లో ఏది లేకపోయినా నిప్పు రాజుకోదు, ముందు ఇద్దరికీ తక్కువైంది ఏంటో అది చూస్తూ కూర్చుంది కాబట్టి తనకి తెలిసింది. అంటుకుంది. అయితే ఇదంతా అయ్యేసరికి టిఫిన్ ఎంతో ఆలస్యమైపోయింది, మిగతా జట్లు తినేసి వీళ్ళని చూసి వెక్కిరించాయి, వీళ్ళలో వీళ్ళే "నీ వల్లే" అని పోట్లాడుకున్నారు. ఆ లీడర్ కాగితం వాడి ఉంటే టైముకి తినేవాళ్ళు, నిజమే.

ముడులు కూడా ఇంతే. రీఫ్ నాట్ అంటే కుడిది ఎడమ మీద, తర్వాత ఎడమది కుడి మీద. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే గ్రానీ నాట్ అవుతుంది, చూడటానికి అచ్చం అలాగే ఉండి లాగితే జారిపోతుంది. బోర్డు మీద బొమ్మ వేసి నేర్పితే వారంలో మర్చిపోతారు. కట్టు కట్టడానికో టెంటు సంచి మూతికో వాళ్ళే వేసి, అది జారి, పక్క జట్టువాళ్ళు నవ్వితే మర్చిపోరు.

ఆటల్లో నాకు ఇష్టమైనవి రెండు. ఒకటి కిమ్స్ గేమ్, ఒక గుడ్డ మీద రకరకాల వస్తువులు పరిచి ఒక నిమిషం చూపించి కప్పేస్తారు, ఎన్ని గుర్తున్నాయో రాయాలి. జట్టుగా ఆడితే వాళ్ళే పంచుకుంటారు, నువ్వు ఈ మూల చూడు, నేను ఆ మూల చూస్తా అని. రెండోది దారి గుర్తులు పెట్టి వెతుక్కోవడం. రాళ్ళతో బాణం గీస్తే ఇటు వెళ్ళు, అడ్డంగా రెండు పుల్లలు వేస్తే ఇటు వద్దు, గుండ్రం గీసి మధ్యలో చుక్క పెడితే ఆట అయిపోయింది, నేను ఇంటికెళ్ళిపోయాను. ఈ చివరి గుర్తే కెన్యాలో న్యేరి అనే ఊళ్ళో ఉన్న బేడెన్ పవెల్ సమాధి రాయి మీద చెక్కి ఉంటుంది. పిల్లలకి ఇది చెప్తే కాసేపు మాట్లాడరు, తర్వాత "అక్కా, నా నోట్సు చివర కూడా అదే పెడతా" అంటారు.

కోర్ట్ ఆఫ్ ఆనర్ మాటలు బయటికి రాకూడదు అన్నాను కదా, రహస్యాలు దాచడంలో గైడ్స్‌కి పాత పేరే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ5 తన కాగితాలు మోయడానికి ముందు స్కౌట్ అబ్బాయిలని పెట్టుకుంది, అల్లరి ఎక్కువైందని తీసేసి గైడ్స్‌ని తీసుకుంది. మోసే కాగితాలు చదవబోమని ఆ అమ్మాయిలు తమ గౌరవం మీద మాట ఇచ్చారు. అబ్బాయిల అమ్మలు ఎవరైనా చదువుతుంటే నా మీద కోపం వద్దు, చరిత్ర అది.

ఫిబ్రవరి 22 థింకింగ్ డే, అన్ని దేశాల గైడ్స్ ఒకరినొకరు తలుచుకునే రోజు. బేడెన్ పవెల్, ఆయన భార్య ఒలేవ్, ఇద్దరి పుట్టినరోజూ అదే, సంవత్సరాలే వేరు, ఆయనది 1857, ఆవిడది 1889. 1926లో న్యూయార్క్ దగ్గర జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ రోజుని ఎంచుకున్నారు. పుట్టినరోజన్నాక కానుక ఉండాలి కదా అని 1932లో పోలండ్ సమావేశంలో బెల్జియం తరఫున వచ్చిన ఒకావిడ అంటే, అప్పటినుంచి పిల్లలు వేరే దేశాల గైడ్స్ కోసం చిల్లర పోగు చెయ్యడం మొదలైంది. గైడ్స్‌కి అన్ని దేశాల వాళ్ళూ కలుసుకునే ప్రపంచ కేంద్రాలున్నాయి, స్విట్జర్లాండ్‌లో అవర్ షాలే 1932లో తెరిచారు, పుణేలో సంగం 1966లో. ఆఫ్రికాలోదైతే, కుసఫిరి అని, దానికి సొంత భవనమే లేదు, దేశం నుంచి దేశానికి తిరుగుతుంటుంది. థింకింగ్ డేకి మాత్రం నా విన్నపం ఒకటి. దేశానికో జెండా, దేశానికో డ్రెస్సు వేసి స్టాల్స్ పెట్టడం అన్నిచోట్లా చేస్తున్నారు, అమ్మలు రాత్రంతా కూర్చుని చార్టులు కట్ చేస్తారు, పిల్లలు వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అంతకంటే జట్టుకొక దేశం ఇచ్చి, అక్కడి గైడ్స్ ఆడే ఒక ఆట పట్టుకొచ్చి మిగతావాళ్ళకి నేర్పమనండి చాలు.

బ్యాడ్జీల విషయంలో నేను కొంచెం మొండిదాన్ని. చేతి నిండా బ్యాడ్జీలు కుట్టించుకున్న పిల్లని చూస్తే ముచ్చటే, కానీ కొన్ని ట్రూపుల్లో అదొక పరుగుపందెం అయిపోయింది, పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి మూడు బ్యాడ్జీలు. దానికంటే స్వాప్స్ నయం. పెద్ద క్యాంపుల్లో పిల్లలు సొంతంగా చేసుకున్న చిన్న చిన్న బొమ్మల్ని పిన్నీసుతో టోపీకి గుచ్చుకుని, కనబడిన ప్రతి అమ్మాయితో మార్చుకుంటారు. ఎవరైనా అడిగితే కాదనకూడదు, నీది బాగుంది వాళ్ళది బాలేదు అనుకోకూడదు, ఇదే మర్యాద. పిస్తా తొక్కలతో తాబేలు, గుండీతో చక్రం, ఏదైనా సరే. కొని తెచ్చినవి పెట్టుకొస్తే మిగతా పిల్లలు పైకి ఏమీ అనరు గానీ మార్పిడికి మాత్రం ఉత్సాహం చూపరు.

ఇంతసేపూ వేలు పెట్టకండి అన్నాను కదా, పెట్టి తీరాల్సిన చోట్లు కూడా చెప్పకపోతే ఎవరైనా నన్ను తప్పుగా అర్థం చేసుకుంటారు. నీళ్ళ దగ్గర ఆటలాడేటప్పుడు పిల్లల జట్టు లీడర్ తీర్పు సరిపోదు, ఈత వచ్చిన పెద్దవాళ్ళు గట్టు మీద ఉండాల్సిందే. చాకు ఇచ్చేముందు, ఎదురుగా చెయ్యి చాపితే ఎవరికీ తగలనంత ఖాళీ చుట్టూ ఉందో లేదో మీరే చూడాలి. నిప్పు పక్కన బకెట్టుతో నీళ్ళు మీరు పెట్టించాలి, పడుకునేముందు బూడిదలో నీళ్ళు పోసి, మళ్ళీ కలిపి, వేడి తగలట్లేదని మీ చేత్తోనే చూసుకోవాలి. ఏ పిల్లకి ఏది పడదో, ఎవరు ఏ మందు ఏ టైముకి వేసుకోవాలో రాసిన కాగితం ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఒకటి, మీ దగ్గర ఒకటి. ఏ పిల్లతోనూ ఒంటరిగా ఒక్క పెద్దమనిషే ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు. తలలు లెక్కపెట్టడం బస్సు ఎక్కేటప్పుడు ఒకసారి కాదు, ఆగిన ప్రతిచోటా. జట్టు లీడర్లు వాళ్ళ లెక్క వాళ్ళు చెప్తారు, మీరు విడిగా ఇంకోసారి లెక్కపెట్టి, రెండూ కలిశాకే బస్సు కదలనివ్వండి.